గిర్ని బైఠక్

సిరొంచల మా వార్డు బైఠక్
మామిడ్వార్ బాపు పిండిగిర్నిల పెట్టిండ్రు.
మోటరు బంద్ చేసిండ్రు గని పిండి బంద్ కాలే,
రేకుల సందులకెళ్ళి సన్నగ రాలుతనే ఉన్నది.
అరగంటల అందరి మీసాలు తెల్లబడ్డయి.
ఇరవై ఏండ్ల పోరనికీ అరవై ఏండ్ల బాపుకూ
ఒక్కటే వయసు.

నన్ను పిలిచింది అక్షరాల కోసం.
మరాఠీ బడిల పది చదివిన, రాత గుండ్రంగుంటది.
వాళ్ళు మాట్లాడేది తెలుగు, నేను రాసేది మరాఠీ,
నడుమ నేను మిషను సూదోలె
కిందికీ మీదికీ.
ఏరు దాటినంక మా ఇంటిపేర్ల ఎనక "వారు"
"వార్" అయి కూసున్నది.
రిజిస్టర్ల ఒక్కొక్కని పేరు రాస్తుంటె
ఆ రాలిపోయిన కొమ్ము యాదికొస్తది.

సీటు ఆడోళ్ళకొచ్చింది.
అందుకని మొగోళ్ళు పద్నాలుగు మంది వచ్చిండ్రు.
ఆడోళ్ళం ఏడుగురం, గడపకాడ, చెప్పుల పక్కన.

"మా ఇంట్ల నిలబడ్తది" అన్నడు బాపు.
"మా ఇంట్ల గూడ" అన్నడు దుర్గం పోశం.
"పేరు చెప్పుండ్రి, రాయాలె" అన్న నేను.
బాపు జరసేపు ఆగిండు.
"ఆధార్ కార్డు పేరా, పిలిచే పేరా?"

"ఐదువందల ఓట్లు నా జేబుల ఉన్నయి" అన్నడు పోశం.
ఆ జేబు కుట్టింది నేనే.
లోతు ఐదు ఇంచులు.

అప్పుడు లేచింది జైని ఆత్రం.
మాడియాల మాట్లాడింది.
నల్లా అర్ధరాత్రి రెండింటికి వస్తదట,
బిడ్డకు జరమొచ్చిన నాడు గూడ
బిడ్డను పక్కింట్ల పండవెట్టి
బిందెకాడ కూసున్నదట.
మాడియా తెలిసినోళ్ళు నలుగురున్నరు,
నలుగురూ ఫోన్లు చూసుకున్నరు.
"చర్చా ఝాలీ, అని రాయి" అన్నడు బాపు.
రెండు మాటలు.
జైని మాట్లాడింది ఏడు నిమిషాలు.

ఇగ నిలబడుడు మొదలైంది.
గిర్ని పట్టాకు ఎడమదిక్కు బాపోళ్ళు,
కుడిదిక్కు పోశమోళ్ళు.
జొన్నలు పట్టించుకుందామని డబ్బా పట్టుకొచ్చిన ఎల్లుబాయి
నడుమ ఇరుక్కున్నది.
రెండు దిక్కులోళ్ళూ లెక్కవెట్టుకున్నరు.
"నేను నా పిండికొచ్చిన బిడ్డా" అంటె
"అట్లనే అట్లనే" అన్నరు.
అటు పదకొండు, ఇటు పది. లొల్లి.
ఎల్లుబాయిని తీసేస్తె పది, తొమ్మిది. మళ్ళ లొల్లి.

జైని చెప్పులకాడనే ఉన్నది.
"నువ్వు లెక్కల రావు, రాసేదానివి" అన్నరు నన్ను.
పెన్నుకు టోపీ పెట్టి
పోయి ఆమె పక్కన నిలబడ్డ.
పెద్ద ధైర్యమేం గాదు,
కాళ్ళు తిమ్మిరెక్కినయి గూడ.

మళ్ళ వచ్చి కూసొని నేనే రాసిన:
మూడో దిక్కు, ఇద్దరు.
"చర్చా ఝాలీ" కింద
నల్లా, రెండు గంటలు, జరం, బిందె,
అన్నీ రాసిన, అంచు దాకా, గుండ్రంగ.
బాపు సంతకం పెట్టిండు.
చదవలే.

మూడోనాడు బాపు పెండ్లాం వచ్చింది,
ఫారం నింపే రోజుకు కొత్త జాకెట్ కావాల్నట.
"పుస్తకంల ఏం పేరు రాయాలె అక్కా?"
ఆధార్ పేరు చెప్పలే, పిలిచే పేరు చెప్పలే.
ఏటికి ఆవలి ఒడ్డున
చిన్నప్పుడు వాళ్ళమ్మ పెట్టుకున్న పేరు చెప్పింది.

టేపు చుట్టిన.
"నా దిక్కు ఎందరు నిలబడ్డరు?" అన్నది మెల్లగ.
"పదిమంది."
"నన్ను ఎరిగినోళ్ళు?"

నేను అంకె రాసుకుంటున్నట్టు వంగిన.
"ఊపిరి బిగవట్టకక్కా,
కొలత తప్పు వస్తది."

శానసేపు బిగవట్టే ఉన్నది.
ఆఖరికి నా వేళ్ళ నడుమ
టేపు వదులైంది.